నంద్యాల చెక్‌పోస్ట్ కాడ దుమ్ము
ఏంది సామీ ఈ దుమ్ము, మా కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్ట్ దాటేసరికి తెల్లచొక్కా మట్టిరంగుకొస్తాంది, పట్టా కప్పని ఇసుక టిప్పర్ ముందు పోతాంటే అదంతా ఎనకాల బండోడి కండ్లల్లోకే. మాయమ్మకు ఆస్తమా, పొద్దుమునిగితే చాలు పిల్లికూతలు, ఇన్హేలర్ దిండుకిందనే పెట్టుకుంటాది. డాక్టరేమో బయట తిరగొద్దంటాడు, ఇంట్లోకి గాలి రాదా ఏంది? పెద్ద దుమ్మైతే ముక్కులో ఆగుతాదంట గానీ 2.5 మైక్రాన్ల కంటే సన్నది ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి రక్తంలో కలిసి గుండెక్కూడా చేటంట, ఇంక దస్తీ కట్టుకుంటే ఏమాగుతాది. 2019లో కేంద్రం పెట్టిన క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్‌లో, గాలి బాగుచేయాల్సిన ఊర్ల లిస్టులో కర్నూలు గూడా ఉంది, ఉండి ఏం లాభం, పైపులకని తవ్వి పోసిన మట్టి మా వీధిలో అట్నే పడుంది, నీళ్లు చల్లేది పక్కింటత్త ఒక్కతే, అదీ కొళాయొచ్చిన రోజే!