అవ్వ మతికి మార్కులెవరు వేయాలి?

పింఛన్ తీసుకున్న సంగతి గంటలోనే మరిచిపోయే అవ్వ గురించి నల్లగొండ పల్లెల్లో ఎవరినడిగినా 'ముసల్దైంది, సోయి ఉంటలేదు' అంటారు. అక్కడితో మాట ముగుస్తుంది. నిజానికి ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే సీబ్యాక్ అనే ఆరోగ్య వివరాల ఫారంలో అరవై దాటినవారి కోసం ఒక ప్రశ్న ఉంది: దగ్గరివాళ్ల పేర్లు, సొంతింటి చిరునామా మరిచిపోతున్నారా? దానికి 'అవును' అని రాసుకున్నాక ఏం చేయాలన్నదే చిక్కు.

మతిని కొలిచేందుకు దవాఖానలో పేరున్న పరీక్ష ఎంఎంఎస్ఈ. అమెరికాలో 1975లో వచ్చింది, మొత్తం 30 మార్కులు. ఇవాళ తేదీ ఎంత, మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం, వందలోంచి ఏడేడు తీసేస్తూ పో, ఒక వాక్యం రాయి, ఈ బొమ్మ చూసి గీయి. పలక పట్టని అవ్వ వీటిలో సగం దగ్గరే ఆగిపోతుంది. తేదీ అడిగితే 'బతుకమ్మ పోయి పది దినాలు' అంటుంది. అది తప్పెట్లా అవుతుంది? పత్తి ఏరిన కూలీల లెక్క నోటితోనే తేల్చిన మనిషికి మతి లేదని కాగితం చెబితే మేం నమ్మం. చదువురాని వారి కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో హిందీ పరీక్షను రూపొందించారు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు ఏసీఈ-ఆర్ అనే మరో మతి పరీక్షను తెలుగుకు మలిచారు. అలాంటివి జిల్లా ఆసుపత్రుల దాకా రావాలి.

మాకు ఎక్కువ నచ్చింది, మతిమరుపు ఎంత ముదిరిందో తేల్చే సీడీఆర్ పద్ధతి. అందులో పెద్దమనిషితో పాటు ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టి అడుగుతారు: జ్ఞాపకం, వేళాపాళా, మంచీచెడూ తేల్చుకోవడం, ఊళ్లో వ్యవహారాలు, ఇంటి పనులు, స్నానం, బట్టలు. వాటిని బట్టి 0, 0.5, 1, 2, 3 అని స్థాయి ఇస్తారు; 0 అంటే మతి బాగున్నట్టు, 3 అంటే మతిమరుపు బాగా ముదిరినట్టు. పోల్చేది పక్కింటి టీచరమ్మతో కాదు, ఒకప్పటి ఆ అవ్వతోనే.

కానీ పాలమూరులో ఆ ఒకప్పటి అవ్వను ఎరిగిన కొడుకూ కోడలూ వలస పోయారు. ఇంట్లో ఉన్నది మనుమడు, వాడికి పదేళ్లు. అందుకే ఈ పరిశీలన దసరా, సంక్రాంతి వారాల్లో పెట్టాలి, వలస వెళ్లినవాళ్లు ఊళ్లోనే ఉంటారు. రాలేనివాళ్లను ఫోన్‌లో అడగొచ్చు. మార్కులు తగ్గినంత మాత్రాన డిమెన్షియా (మతి క్రమంగా తగ్గిపోయే జబ్బు) అని తేల్చేయకూడదు. చెవుడు, కంటిపొర ఉన్నాయేమో ముందు చూడాలి. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి మందులున్నాయి. ఆ రక్తపరీక్షల కోసం అవ్వను హైదరాబాద్ బస్సెక్కించే అవసరం రాకూడదు.