‘పేరే పలకలేనివాడికి పాట ఏం తెలుసు?’ అన్న సందేశానికి జవాబు

కొంతకాలంగా వరంగల్, హనుమకొండ, కరీంనగర్ సంగీతప్రియుల వాట్సాప్ గుంపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. రాసినవారి పేరు లేదు. సారాంశం ఇది: రేడియోలో విదేశీ బ్యాండ్ల పేర్లు తప్పుగా పలికేవారికి ఆ సంగీతం ఏమీ తెలియదు, ప్రతి పేరుకూ సరైన ఉచ్చారణ ఒక్కటే, అది ఫోనులో క్షణంలో దొరుకుతుంది, పాతతరం అనౌన్సర్లు ఎన్నడూ ఇలా తడబడలేదు, పేరు తప్పు పలికితే కళాకారుణ్ణి అవమానించినట్టే, కాబట్టి తప్పు దొర్లిన ప్రతిసారీ స్టేషనుకు ఫిర్యాదు చేసి అటువంటివారిని మైకు ముందు నుంచి తప్పించాలి. చివర ‘నిజమైన సంగీతాభిమాని అయితే పదిమందికి పంపండి’ అన్న వేడుకోలు కూడా ఉంది. చాలామంది ఆ పరీక్షలో నెగ్గినట్టున్నారు, నాకు అన్ని వైపుల నుంచీ వచ్చింది.

అన్నిటికీ మూలమైన మాట మొదటిది: పేరు పలకడం రాకపోతే పాట వినలేదని అర్థమట. పాట తన బ్యాండు పేరు తాను చెప్పదు కదా! వెయ్యిసార్లు విన్నా చెప్పదు. పేరు చెప్పే మనిషి వేరే ఉండాలి. క్యాసెట్ల కాలంలో కాజీపేటలోనో మంచిర్యాలలోనో రాక్ సంగీతం మీద మనసు పడ్డవాడికి ఆ మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ (అదే ఇప్పటి ఎన్ఐటీ) హాస్టళ్లకు వేరే రాష్ట్రాల కుర్రాళ్లు తెచ్చిన క్యాసెట్టుకు ఒక కాపీ, ఆ కాపీకి మరో కాపీ. అసలు అట్ట ఏ చేతిలోనో ఆగిపోయేది. డబ్బా మీద బాల్‌పెన్నుతో రాసిన నాలుగు ఇంగ్లిషు అక్షరాలే మిగిలేవి. వాటిని తోచినట్టు చదువుకున్నాడు, పాటను మాత్రం టేపు అరిగిపోయేదాకా విన్నాడు.

అలాంటివాడు రేడియోలో ‘ఐఎన్ఎక్స్ఎస్’ అని విడివిడిగా చదివితే మనవాళ్లు నవ్వుతారు, అది ‘ఇన్ ఎక్సెస్’ అని కలిపి చదవాల్సిన పేరు కాబట్టి. మరి ఏసీ/డీసీని? దాన్ని అక్షరం అక్షరం విడదీసే చదవాలి. రెండు బ్యాండ్లూ సిడ్నీలో పుట్టినవే, ఏసీ/డీసీ 1973లో, ఇన్ ఎక్సెస్ 1977లో. రెండు పేర్లలోనూ ఉన్నవి నాలుగేసి పెద్ద అక్షరాలే. ఏది కలపాలో ఏది విడదీయాలో రాతను చూసి కనిపెట్టగలిగిన మేధావి ఎవరైనా ఉంటే ఆ సందేశం రాసినవారే అయి ఉండాలి. పేరు తప్పిందంటే తేలేది ఒక్కటే, అతనికి ఆ పేరు ఎవరి నోటా వినే అవకాశం రాలేదని. ఈనాటి ఇంటర్ పిల్లలు కొరియా బ్యాండు బీటీఎస్ పూర్తి పేరు ‘బంగ్తాన్ సొన్యొందాన్’ అని తడుముకోకుండా అంటారు. ఆ కుర్రాళ్లు తమ పేరు తామే చెప్పుకునే వీడియోలు వీళ్ల చేతిలో ఉన్నాయి. వీళ్ల మేనమామలకు అంతకంటే తక్కువ ప్రేమ ఉండేదనా?

ఇక తిరగేసి చూద్దాం. పేరు చక్కగా పలికితే సంగీతం తెలిసినట్టేనా? పింక్ ఫ్లాయిడ్ అనడానికి ఎవరికీ నోరు తిరగకపోదు. అయినా ‘మీలో పింక్ ఎవరు?’ అని అడిగినవారు సాక్షాత్తూ సంగీత వ్యాపారంలోనే ఉండేవారని ఆ బ్యాండు సభ్యులు చెప్పుకున్నారు. బ్యాండులో పింక్ అనేవాడే లేడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికా బ్లూస్ కళాకారుల పేర్లలోంచి చెరో ముక్క తీసి ఆ బ్యాండు సభ్యుడు సిడ్ బారెట్ కలిపిన పేరది. జెథ్రో టల్ అనే బ్యాండు కూడా అంతే. అసలు జెథ్రో టల్ 18వ శతాబ్దపు ఇంగ్లండు వ్యవసాయవేత్త, విత్తనాలు వరుసగా నాటే యంత్రం చేసినవాడు. ఆ బ్యాండులో ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదే గాయకుడు ఇయాన్ ఆండర్సన్. 1989లో అమెరికా సంగీత బహుమతులు గ్రామీ ఇచ్చేవాళ్లు హార్డ్ రాక్, మెటల్ విభాగంలో మొట్టమొదటి బహుమతిని పేరుమోసిన మెటల్ బ్యాండు మెటాలికాను కాదని ఈ జెథ్రో టల్‌కు ఇచ్చారు. వేదిక మీద పేరు స్పష్టంగానే చదివారు. సంగీతం సంగతే జనానికి ఇప్పటికీ మింగుడుపడలేదు.

మనకు బాగా దగ్గరైన ఉదాహరణ బోనీ ఎం. పెళ్లిళ్లలోనూ కాలేజీ వార్షికోత్సవాల్లోనూ మోగిన బ్యాండు, పలకడానికి అంతకంటే తేలికైన పేరు లేదు. తెరమీద ఎగిరి గంతులేసే బాబీ ఫారెల్‌ను చూసి ‘ఇదిగో ఆ గంభీరమైన గొంతు’ అని పరిచయం చేసేవారికి కొదవ లేదు. రికార్డుల్లో ఆ మగ గొంతు ఫారెల్‌ది కాదు, తెర వెనక ఉన్న జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. ఈ ఫారియనే తరువాత మిల్లీ వనిల్లీ అనే జంటను తయారుచేశాడు. పాడింది వాళ్లు కాదని బయటపడి, 1990లో ఇచ్చిన గ్రామీని అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. అనౌన్సరుకు సంగీతం తెలుసో లేదో తేల్చాలంటే నేను ఇలాంటివి అడుగుతాను. పాడింది ఎవరు, వాయించింది ఎవరు, ఇది స్టూడియో రికార్డింగా, కచేరీలోదా? గిటారు సోలో మొదలవుతుంటే దాని మీద మాట్లాడే మనిషికి పేర్లన్నీ లండన్ యాసలో వచ్చినా నా దగ్గర మార్కులు లేవు.

రెండో మాట, సరైన ఉచ్చారణ ఒక్కటే అన్నది. ఎవరి సరైనది? జర్మనీ బ్యాండు క్రాఫ్ట్‌వెర్క్‌ను ఇంగ్లండు వాళ్లు, అమెరికా వాళ్లు తమ భాషలోని ‘వర్క్’లా పలుకుతారు. వాళ్లకు ఆ సంగీతం తెలియదని ఈ సందేశం ప్రకారం తీర్మానించాలి. అబ్బా బృందంలోని ఆగ్నెతా పేరులో మనకు వినిపించే ‘గ’ స్వీడిష్ వాళ్ల నోట వినపడదు, అది ముక్కుతో పలికే శబ్దం. ఇక పేరు పెట్టినవాళ్లే చిక్కుముడి వేసిన సందర్భాలూ ఉన్నాయి. లెనర్డ్ స్కిన్నర్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు పొడుగు జుట్టు మీద కత్తి కట్టాడని ఫ్లోరిడా కుర్రాళ్లు ఆయన పేరునే వంకర స్పెల్లింగుతో (Lynyrd Skynyrd) బ్యాండుకు పెట్టుకున్నారు. జనం చదవలేరని వాళ్లకే తెలుసు. అందుకే 1973లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు ఆ పేరు ఎలా పలకాలో చెప్పే వివరణనే శీర్షికగా పెట్టారు. Sade అని రాసి ‘షాడే’ అని పలికే బృందం తొలి ఆల్బమ్‌ను అమెరికాలో అమ్మేటప్పుడు కంపెనీ పేరు పక్కనే ఉచ్చారణ అచ్చువేసింది. లెడ్ జెప్పెలిన్ వాళ్లు, జనం ‘లీడ్’ అని చదువుతారేమోనని, ‘Lead’లోంచి ‘a’ అనే అక్షరమే తీసేశారు. మోట్లీ క్రూ వాళ్లు తాము తాగుతున్న జర్మన్ బీరు సీసా మీద చూసి, అందానికి, అచ్చుల నెత్తిన జంట చుక్కలు పెట్టుకున్నారు. జర్మనీ ప్రేక్షకులు ఆ చుక్కలను నిజంగానే చదివి, వింతగా మారిన పేరును కేకలు పెట్టారని ఆ బ్యాండు గాయకుడే చెప్పాడు. ఇంగ్లిషు మాతృభాషగా గల శ్రోతలకే ఇంత సాయం కావలసి వస్తే, పెద్దపల్లి అనౌన్సరు దగ్గర మాత్రం పుట్టుకతోనే తెలివి ఉండాలా?

అంత దూరం ఎందుకు, మన ఊరి సంగతే చూడండి. కాకతీయుల శాసనాల్లో అనుమకొండ, 2021లో జిల్లాకు పెట్టిన పేరు హనుమకొండ, బస్సు కండక్టరు పిలుపులో హన్మకొండ. వేయిస్తంభాల గుడి వెనక సందులన్నీ కళ్లు మూసుకుని తిరగగలవాడు కూడా ఈ మూడింటిలో ఏదో ఒకటే అంటాడు. మిగతా రెండూ అననందుకు అతనికి ఊరు తెలియదంటామా?

ఫోను సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. అందులో పలికేది చాలాసార్లు యంత్రం గొంతు, అది అక్షరాలను చూసి ఊహిస్తుంది. అనౌన్సరు చేసేదీ అదే. బ్యాండు సభ్యులు తమ పేరు తామే చెప్పే ఇంటర్వ్యూ వెతికి వినడం మంచి పద్ధతి. ఆ పాటి శ్రద్ధ పెట్టమని అడగండి, నేనూ మీ వెంట వస్తాను. శ్రద్ధ లేదనడం వేరు, సంగీతం రాదనడం వేరు.

మూడోది, పాతతరం తడబడలేదన్న మాట. తడబడకుండా ఉండటానికి బీబీసీ 1926లోనే ఒక సలహా సంఘం పెట్టుకుంది. కవి రాబర్ట్ బ్రిడ్జెస్ దానికి అధ్యక్షుడు, ఆ తరువాత బెర్నార్డ్ షా. అనౌన్సర్లు ఏ మాట ఎలా పలకాలో అంత పెద్దలు కూర్చుని తేల్చవలసి వచ్చింది, ఇప్పటికీ అక్కడ ఉచ్చారణకు ప్రత్యేక విభాగం ఉంది. మన జిల్లా స్టేషన్లలో ఆ పని చేసే మనిషి ఉన్నాడా? ఇక జాన్ పీల్. 1967 నుంచి 2004లో చనిపోయేదాకా బీబీసీ రేడియో 1లో కొత్త బ్యాండ్లను లోకానికి వినిపించినవాడు. రికార్డులను తప్పు వేగంతో తిప్పడంలో ఆయనకు పేరు మోసిన చరిత్ర ఉంది. పేరు కాదు, పాటే తప్పుగా మోగింది! అయినా ఆయనకు సంగీతం తెలియదని అన్న మనిషి నాకు కనబడలేదు. జెథ్రో టల్ తొలి రికార్డు మీద 1968లో కంపెనీ ‘జెథ్రో టో’ అని అచ్చువేసింది. పాతకాలం అంత పదిలమైనదేమీ కాదు.

అవమానం అన్న నాలుగో మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. తమిళులు ఇళైయరాజా అంటారు, మనం ఇళయరాజా అంటాం, సగంమంది ఇలయరాజా అంటారు. ఆయన పాట పల్లవి మొదలైతే చరణాల మధ్య వయొలిన్లతో సహా పాడగలిగేది ఈ ‘ఇలయరాజా’ అనేవాళ్లే. భాష మారినప్పుడు పేరు కొంత రూపు మార్చుకుంటుంది, అందులో అగౌరవం లేదు. అగౌరవం ఎక్కడుందో నేను చెప్తాను. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గువారు డోలు కొట్టి చెప్పిన కథను రేడియోలో ‘బుర్రకథ’ అని పరిచయం చేస్తే అది అగౌరవం. ఒగ్గుకథ మల్లన్న, బీరప్ప కథల చుట్టూ పెరిగిన కళ. బుర్రకథలో తంబూరా పట్టిన కథకుడు, డక్కీలు పట్టిన ఇద్దరు వంతలు. రెంటి వాద్యాలు వేరు, దేవుళ్లు వేరు, చెప్పేవాళ్లు వేరు. అక్కడ ఒక్క అక్షరమూ తప్పు పలకలేదు, చెప్పిందంతా తప్పు. గోండుల గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చేదాకా ఆయన ఊరు మార్లవాయి పేరు మన అనౌన్సర్లలో ఎందరి నోట వినిపించింది? ఈ గుంపుల్లో దాని మీద ఒక్క సందేశమూ తిరగలేదు. లండన్ బ్యాండు పేరులో ఒక అచ్చు వంకరపోతే మాత్రం అవమానం, ఫిర్యాదు!

ఇక ఫిర్యాదు చేసి తీసేయించాలన్న చివరి మాట. ప్రైవేటు ఎఫ్ఎంలలో పాటలు ఎంచేది సాధారణంగా మైకు ముందున్న మనిషి కాదు. వేరేవాళ్లు కంప్యూటర్లో వరుస సిద్ధం చేస్తే, మధ్య మధ్య మాటలు మాత్రమే ఇతనివి. మీ ఫిర్యాదు వల్ల జరిగేదేమిటో కూడా ఊహించడం కష్టం కాదు. ఆకాశవాణిలో ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది: చిత్రం ఇది, గానం వీరు, రచన వీరు, సంగీతం వీరు అని చెప్పి పాట వేస్తారు. ప్రైవేటు స్టేషన్లలో ఆ నాలుగు వివరాలూ ఇప్పటికే మాయమయ్యాయి. విదేశీ సంగీతం వేసే కొద్దిపాటి సమయంలోనైనా ఎవరో ఒక కుర్రవాడు బ్యాండు పేరు చెప్పి, గిటారు వాయించింది ఎవరో చెప్పి పాట వేస్తున్నాడు. పేరు తప్పిన ప్రతిసారీ స్టేషనుకు నాలుగు ఫోన్లు వెళితే అతడు ఉచ్చారణ నేర్చుకోడు, పేరు చెప్పడమే మానేస్తాడు. పేరు వినబడని ఆ పాటను ఫోనుకు వినిపించి ‘ఇది ఎవరిది?’ అని అడిగే పని మళ్లీ శ్రోతకే పడుతుంది.