‘ఇరవై పెద్ద కాలేజీలకు వేస్తే ఒకటైనా తగులుతుంది’: ఈ లెక్క ఎక్కడ తప్పింది?

అమెరికాలో హైస్కూలు చివరి ఏడాదికి వచ్చిన పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక సందేశం తిరుగుతుంది. కంప్యూటర్ సైన్స్ (సీఎస్) కోరుకునే విద్యార్థి రీచ్ (అందడం కష్టమైనవి), టార్గెట్ (అందే వీలున్నవి), సేఫ్టీ (దాదాపు ఖాయమైనవి) అంటూ కాలేజీల జాబితాను విభజించుకోవడం కాలం చెల్లిన పద్ధతనీ, పేరున్న ఇరవై కాలేజీలకు దరఖాస్తు చేస్తే ఒకటైనా తగులుతుందనీ, ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కు 1550 దాటితే దిగులు అక్కర్లేదనీ, ప్రవేశ శాతం 40 దాటిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏదైనా సేఫ్టీయేననీ, అక్కడా భయమైతే వేరే మేజర్‌తో (ప్రధాన విషయంతో) చేరి తర్వాత సీఎస్‌కు మారవచ్చనీ, ర్యాంకు లేనిచోట చదివినా చదవనట్టేననీ దాని సారాంశం. వీటిలో చాలావాటి వెనుక కొంత నిజం ఉండబట్టే సందేశం అంత తేలిగ్గా నమ్మిస్తోంది.

ముందుగా ఇరవై కాలేజీల లెక్క. ఒక్కోచోట 5 శాతం అవకాశం ఉందనుకుంటే, 0.95ను ఇరవైసార్లు హెచ్చవేస్తే వచ్చే 36 శాతమే అన్నిచోట్లా తిరస్కరణకు గురయ్యే అవకాశమనీ, కనుక 64 శాతం మందికి ఎక్కడో ఒకచోట సీటు ఖాయమనీ అంటున్నారు. హెచ్చవేతలో తప్పు లేదు. అయితే ఒక కాలేజీ నిర్ణయానికీ ఇంకొక కాలేజీ నిర్ణయానికీ ఏ సంబంధమూ లేనప్పుడే అలా హెచ్చవేయవచ్చు. ఇక్కడ ఇరవైచోట్లా చదివేది ఒకే విద్యార్థి ఫైలు: అదే ట్రాన్స్‌క్రిప్టు (మార్కుల పత్రం), అదే 650 పదాల వ్యాసం, ఒక్కోటి 150 అక్షరాలకు మించకుండా పది వరసల్లో కుదించిన అవే కార్యకలాపాలు, అదే లెక్కల టీచరు రాసిన సిఫారసు లేఖ. రోబోటిక్స్ క్లబ్బు, రెండు హ్యాకథాన్లు, ఒక యాప్, వేసవిలో ఒక ప్రొఫెసరు దగ్గర చేసిన ప్రాజెక్టు ఉన్న ఫైలు ఇంట్లోవాళ్లకు అపురూపంగానే కనిపిస్తుంది. ఆ వారంలో అలాంటివే వందలు చదివిన అడ్మిషన్ అధికారికి అది మామూలుగా అనిపిస్తే, మిగతా పందొమ్మిది మందికీ దాదాపు అలాగే అనిపిస్తుంది. పైగా ఆ 5 శాతం అందరి సగటు. క్రీడల ద్వారా ఎంపికైనవారూ, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలూ అందులోనే ఉన్నారు కాబట్టి, సీఎస్ కోరే సాధారణ విద్యార్థి వాటా అంతకన్నా తక్కువే.

పోనీ, 64 శాతమే నిజమనుకుందాం. అప్పుడు కూడా మూడోవంతుకు పైగా పిల్లలు ఏప్రిల్ నాటికి చేతిలో ఏ సీటూ లేకుండా మిగులుతారు. ఈ సంగతి సందేశంలో ఎక్కడా కనిపించదు. ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే కామన్ యాప్ ద్వారా ఇరవై కాలేజీలకు మించి పంపడం కుదరదు కనుక, ఆ ఇరవైనీ కలలతో నింపేస్తే దాని ద్వారా సేఫ్టీకి పంపే దారి కూడా మూసుకుపోతుంది.

శాట్ విషయం రెండు మాటల్లో తేలిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఏ క్యాంపసూ ప్రవేశానికి ఆ మార్కును చూడదు. చూసే ఎంఐటీలో, చేరినవారిలో మధ్య సగం మందికి శాట్ లెక్కల భాగంలో 800కు 780 నుంచి 800 వరకు స్కోరు ఉంటుంది కాబట్టి, 1550 అక్కడ వెనక్కి పంపకుండా కాపాడుతుందే తప్ప ముందుకు తీసుకెళ్లదు.

జాబితాలను ఎక్కువగా దెబ్బతీసేది ప్రవేశ శాతం మాట. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా–షాంపేన్‌లో ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం మీద పదిమందిలో సుమారు నలుగురికి సీటు వస్తే, ఇంజినీరింగ్ కాలేజీలోని సీఎస్‌కు పదిమందిలో ఒక్కరికి కూడా రాలేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు సీఎస్ విభాగమైన అలెన్ స్కూల్లో తేడా ఇంకో రకం: రాష్ట్ర వాసులకు ఉన్న అవకాశంతో పోలిస్తే బయటి రాష్ట్రాలవారిది చాలా స్వల్పం, వందకు ఐదు కూడా ఉండదు. టెక్సస్‌లో తరగతిలో పైవరుసన నిలిచినవారికి ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయమైన యూటీ ఆస్టిన్‌లో సీటు చట్టప్రకారం వస్తుంది. 2026లో చేరేవారికి ఆ హద్దును 6 నుంచి 5 శాతానికి కుదించారు. ఆ హామీ విశ్వవిద్యాలయం వరకే, సీఎస్‌కు వర్తించదు. ‘స్టేట్ కాలేజీయే కదా’ అని చివర్లో చేర్చే శాన్ హొసే స్టేట్ సైతం మేజర్‌ను బట్టే ఎంపిక చేస్తుంది, సీఎస్ అక్కడ గట్టి పోటీ ఉన్న శాఖ. ఒకే కాలేజీ ఒక విద్యార్థికి సేఫ్టీ, పక్కింటి విద్యార్థికి రీచ్ కావడంలో వింతేమీ లేదు. మేజరూ నివాస రాష్ట్రమూ తెలియకుండా ఎవరో తయారుచేసిన పట్టికను మన జాబితాలోకి ఎత్తి రాసుకోవడమే వింత.

‘వేరే మేజర్‌తో చేరి మారిపోవచ్చు’ అన్నది ఒకప్పుడు చాలాచోట్ల పనిచేసిన ఉపాయం. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్‌లలో ప్రవేశం మేజర్‌తో ముడిపడి ఉండదు కాబట్టి, అక్కడ చేరినవారు సీఎస్‌ను ఇప్పటికీ స్వేచ్ఛగా ఎంచుకుంటారు. ఆ వెసులుబాటును అన్ని కాలేజీలకూ అంటగట్టడం వల్లే చిక్కు వస్తోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ క్యాంపస్‌లో లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీ విద్యార్థులు నిర్ణీత జీపీఏ (గ్రేడ్ల సగటు) సాధించి సీఎస్ ప్రకటించుకునే పద్ధతి పోయి, 2023 నుంచి మొదట్లోనే సీఎస్‌లో ప్రవేశం పొందాల్సి వస్తోంది. శాన్ డియేగో క్యాంపస్ కూడా 2025 నుంచి సీఎస్ లాంటి మేజర్లలోకి మార్పును కొద్ది సీట్లకే పరిమితం చేసింది. టెక్సస్ ఎ అండ్ ఎంలో ఇంజినీరింగ్ విద్యార్థులంతా మొదటి ఏడాది ఉమ్మడిగా చదివి, తర్వాత శాఖ కోసం మళ్లీ పోటీ పడతారు, 3.75 జీపీఏ ఉంటేనే కోరిన శాఖ ఖాయం. అంటే చేరిన తర్వాత కూడా పిల్లవాడు ఏడాది పొడవునా దరఖాస్తుదారుగానే బతకాలి. కంప్యూటింగ్‌తో పాటు మరో విషయం మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి ఇల్లినాయ్‌లో భాషాశాస్త్రంతో, ఆర్థికశాస్త్రంతో, సంగీతంతో సీఎస్‌ను కలిపిన డిగ్రీలు ఉన్నాయి. వాటిని దొడ్డిదారిగా వాడుకోబోతే మాత్రం వ్యాసంలోనే దొరికిపోతారు.

ఇక ర్యాంకు. యూఎస్ న్యూస్ సంస్థ ఇచ్చే అండర్‌గ్రాడ్యుయేట్ సీఎస్ ర్యాంకులకు ఆధారం ఇతర కాలేజీల డీన్లు, సీనియర్ అధ్యాపకులు వెలిబుచ్చే అభిప్రాయమే. ఉద్యోగాలూ, తరగతిలో విద్యార్థుల సంఖ్యా ఆ లెక్కలోకి రావు. సీఎస్‌ర్యాంకింగ్స్ అనే వెబ్‌సైట్ అధ్యాపకుల పరిశోధన పత్రాలను లెక్కిస్తుంది కనుక అది పీహెచ్‌డీ అభ్యర్థికి ఎక్కువ పనికొస్తుంది. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల ఎమ్మెస్ చేసింది విస్కాన్సిన్–మిల్వాకీలో, అడోబీని నడిపిన శంతను నారాయణ్ చేసింది ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లో అని గుర్తుచేయవచ్చుగానీ, ఇద్దరు సీఈఓలతో ఏదీ రుజువు కాదు. అంతకన్నా గట్టి సాక్ష్యం చరిత్రలో ఉంది. 1969లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మొదటి నాలుగు కేంద్రాల్లో ఒకటి యూటా విశ్వవిద్యాలయం. కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు పునాదులు పడిందీ చాలావరకు అక్కడే. తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకదాన్ని అటానసాఫ్, బెర్రీలు తయారుచేసింది ఐయోవా స్టేట్‌లో.

ఆ ఐయోవా స్టేట్ సేఫ్టీ అంటే ఎలా ఉండాలో కూడా చూపిస్తుంది. గ్రేడ్లనూ చదివిన కోర్సులనూ ఒక సూత్రంలో వేసి, 245 లేదా అంతకు మించి వస్తే ప్రవేశం అని ముందే ప్రకటిస్తుంది. అర్హత ఉందో లేదో దరఖాస్తుకు ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. సీఎస్‌లోనే ప్రవేశం, భరించగల ఖర్చు, పిల్లవాడు ముఖం చిట్లించకుండా వెళ్లగలగడం: ఈ మూడూ ఉన్న కాలేజీలు రెండు దొరికాకే పైవరుసల మీద మనసు పెట్టడం మేలని నా అభిప్రాయం. దొరకడం కష్టమయ్యేది కూడా ఈ రెండే.

ఖర్చు గురించి సందేశం ఒక్క మాటా చెప్పలేదు. 2011 నుంచి అమెరికా కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోగా మిగిలే ఖర్చును అంచనా వేసే సాధనం) ఉంచాలని ఫెడరల్ చట్టం నిర్దేశిస్తోంది. జాబితాలోకి పేరు ఎక్కకముందే అందులో అంకెలు వేసి చూడాలి. సీటిస్తే తప్పక చేరతామని ఒప్పుకునే ఎర్లీ డెసిషన్‌కు సంతకం చేస్తే, ఇతర కాలేజీలు ఎంత సాయం ఇస్తాయో తెలియకముందే మాట ఇచ్చినట్టవుతుంది. హెచ్–4 వీసాపై (హెచ్–1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం అందదు. వారికి ఇన్–స్టేట్ ఫీజు (రాష్ట్ర వాసులకుండే తక్కువ ఫీజు) వర్తించేదీ లేనిదీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక, ఈ సంగతిని ఆయా విశ్వవిద్యాలయాల నుంచి దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.