డ్రైవ్‌లో ప్రాసెసర్ మంచిదే, కానీ గుణుపూర్ మిల్లుకి అది అక్కర్లేదు

డేటా దాచే డ్రైవ్‌లోనే ప్రాసెసర్ ఉంటే ఆ డేటాని కంప్యూటర్ మెయిన్ ప్రాసెసర్ (సీపీయూ) దాకా మోయక్కర్లేదు కదా, మనవైపు కూడా అవే పెట్టేస్తే పోలా అని ఆంధ్రా సరిహద్దుకి ఆనుకున్న ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ కుర్రాళ్లు కొందరు అడుగుతున్నారు. ఐడియా నాకూ చాలా ఇష్టం. కానీ ఎక్కడ పనికొస్తుందో చూసుకోకుండా డబ్బులు పెడితే నష్టపోయేది మనమే.

ఇది కొత్తదేం కాదు, 1998లోనే అమెరికా యూనివర్సిటీల్లో యాక్టివ్ డిస్క్‌లనే పేరుతో దీనిమీద పేపర్లు వచ్చాయి. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే డేటా దాచే ఎస్ఎస్‌డీలొచ్చాక లెక్క మారింది. ఒక సర్వర్‌లో 24 ఎస్ఎస్‌డీలున్నాయనుకోండి, ఒక్కోటి సెకనుకి 3 జీబీ ఇచ్చినా మొత్తం 72 జీబీ, కానీ అవన్నీ కలిసి సీపీయూకి వెళ్లే దారి (దాన్ని పీసీఐఈ అంటారు) మూడో తరం 16 లేన్లదైతే సెకనుకి 16 జీబీ దగ్గరే ఆగిపోతుంది, మిగతాదంతా క్యూలో ఉండాల్సిందే. చివరికి కావాల్సింది ఏ నాలుగు లైన్లో అయినప్పుడు అంత మోత ఎందుకు? కళ్లంలోనే తూర్పారబట్టి గింజలే బండికెత్తుతాం గానీ తాలుతో సహా ఇంటికి తోలుకురాం కదా. శాంసంగ్ 2020లో చూపించిన స్మార్ట్‌ఎస్ఎస్‌డీ చేసేది ఇదే, అందులో జైలింక్స్ కంపెనీ ఎఫ్‌పీజీఏ, అంటే మన పనికి తగ్గట్టు మార్చుకోగల చిప్, ఉంటుంది. అదే ఏడాది చిప్‌లు డిజైన్ చేసే ఆర్మ్ కంపెనీ కూడా ఇలాంటి డ్రైవ్‌ల కోసం లైనక్స్ నడపగలిగే కార్టెక్స్ ఆర్82 ప్రాసెసర్ ప్రకటించింది.

అసలు చిక్కు వేరే ఉంది. డ్రైవ్‌కి తెలిసింది బ్లాకులే, అంటే నంబర్లేసిన డేటా ముక్కలే, ఫైల్ అంటే దానికి తెలీదు. పైగా చాలా డ్రైవ్‌లని కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పెడితే ఒకే ఫైలు ముక్కలై ఐదారు డ్రైవ్‌ల మీద పడుతుంది, ఏ డ్రైవ్ దగ్గరా పూర్తి రికార్డు ఉండకపోవచ్చు, ఇక సర్వరే ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే తాళంచెవి లేని డ్రైవ్ ఏం చదువుతుంది? స్టోరేజీ కంపెనీల సంఘం ఎస్ఎన్ఐఏ 2022లో ఇలాంటి డ్రైవ్‌లకి ఆర్కిటెక్చర్ స్టాండర్డ్ ఇచ్చింది, మంచిదే, కానీ మన సాఫ్ట్‌వేర్ దానికి తగ్గట్టు మారకపోతే ఆ చిప్ ఖాళీగా కూర్చుంటుంది.

ఇప్పుడు మిల్లు సంగతి. ఒకే లోడు రెండుసార్లు కాటా ఎక్కిందేమోనని అనుమానం వస్తే సీసీ కెమెరా రికార్డర్ ముందు మనిషిని కూర్చోబెట్టి రాత్రంతా ఫార్వర్డ్ చేయిస్తారు, హెడ్‌లైట్ వెలుగులో ఓడీ 18 బండో ఏపీ 39 బండో కూడా కనపడదు. అందులో ఉన్నది 4 టీబీ మామూలు హార్డ్‌డిస్క్. సెకనుకి 200 ఎంబీ చొప్పున చదివినా మొత్తం చదవడానికి ఐదున్నర గంటలు, లోపల ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా డిస్క్ చదివే హెడ్ అంతకంటే స్పీడుగా చదవదు కాబట్టి ఆ ఐదున్నర గంటలు తగ్గవు. పోనీ క్లౌడ్‌కి పంపుదామంటే 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఆగకుండా వచ్చినా వారం దాటుతుంది, మనవైపు లైన్ అలా ఆగకుండా ఎక్కడొస్తుంది చెప్పండి.

అందుకే నేననేది, డేటా ఉన్నచోటే పని జరగాలన్నది సరిహద్దు జిల్లాలకి అందరికంటే ఎక్కువ అవసరం, కాకపోతే అది డ్రైవ్‌లోనే జరగాలని లేదు. లారీ కాటా ఎక్కిన నిమిషంలోనే రికార్డర్ పక్కనున్న చిన్న కంప్యూటర్ నంబరు, టైము, తూకం రాసుకుంటే చాలు, తర్వాత వెతకాల్సింది ఆ చిన్న లిస్టులోనే. లైన్ లేకపోయినా నడుస్తుంది.

గుణుపూర్‌లో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఒడియా తెలుగు రెండూ వచ్చిన పిల్లలున్నారు. దుమ్ము కొట్టుకుపోయిన నంబర్‌ప్లేట్లు, రెండు రాష్ట్రాల బళ్లవీ, రాత్రిపూట చదవగలిగే ప్రోగ్రాం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా వాళ్లకి ఇవ్వండి, మిల్లు ఓనర్లు ఫుటేజీ ఇచ్చి సాయం చేయండి. ఖరీదైన డ్రైవ్‌ల కొటేషన్ దాని తర్వాత చూసుకోవచ్చు.