ఐదేళ్ల లోపువారి ఆటలపై చర్య ఎప్పుడు?

మూడు నుంచి ఐదేళ్ల వయసువారు పట్టపగలు, పెద్దల కళ్లెదుటే ఆడుకుంటున్నారు. అక్షరాలు దిద్దాల్సిన కాలం ఇలా వృథా అవుతుంటే అడిగే నాథుడు లేడు.

ఈ బస్సు వ్యవహారమే చూడండి. నాలుగు కుర్చీలు వరసగా వేస్తే అది బస్సట. ఎండుటాకులు టికెట్లట. అవి ఆకులని వాళ్లకూ తెలుసు. అయినా ఆకు లేనివాణ్ణి నిర్దాక్షిణ్యంగా దించేస్తారు. ఒక వస్తువును మరోదానికి గుర్తుగా వాడడమే రేపటి అక్షరానికీ అంకెకూ పునాది అని వాదించేవారున్నారు. పునాదులతో మనకేం పని? గృహప్రవేశానికి పిలుపులు కూడా పంచేశాం.

డ్రైవరు గారు ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. ఇక్కడ మాత్రం కిటికీలో పిచ్చుక వాలినా లేవడు. "డ్రైవరు దిగకూడదు" అని తనలో తానే గొణుక్కుంటూ సీటుకు అతుక్కుపోతాడు. సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ ఈ గొణుగుడును కూడా వెనకేసుకొచ్చాడు. పిల్లలు తమను తాము అదుపు చేసుకునే సాధనం అదేనట. పెరిగేకొద్దీ లోపలికి పోయి ఆలోచనగా మారుతుందట. ఆటలో పిల్లవాడు తనకంటే తలెత్తు పొడుగ్గా ఉంటాడని కూడా 1933లో సెలవిచ్చాడు. యూనిఫారాలు కుట్టించేవాళ్ల కష్టం ఆయనకేం తెలుసు!

ఇంతలో వెనకసీటు పిల్ల తానే నడుపుతానంటుంది. తోపులాట, ఏడుపు, బస్సు ఆగిపోవడం. ఎవరూ జోక్యం చేసుకోకపోతే కాసేపటికి "ఆ మలుపు దాకా నువ్వు, తర్వాత నేను" అని రాజీ కుదిరిపోతుంది. అందుకే వెంటనే జోక్యం చేసుకోవాలి.

అబద్ధాల సంగతి మరీ ఘోరం. 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు పిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ చాక్లెట్టును ఒక అరలో దాచి ఆడుకోవడానికి వెళ్తాడు; వాళ్లమ్మ దాన్ని వేరే అరలోకి మారుస్తుంది. తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లలో ఎక్కువమంది చాక్లెట్టు ఇప్పుడున్న చోటే చూపిస్తారు. నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామందికి మాక్సీ పొరబడతాడని తెలిసిపోతుంది. ఎదుటివాడి బుర్రలో తప్పుడు సమాచారం ఉండగలదని తెలిశాక, అక్కడ దాన్ని పెట్టడం ఎంతసేపు? మూతినిండా చాక్లెట్టు పూసుకుని "నేను తినలేదు" అంటారు. దీన్ని మేధావికాసం అంటున్నారు, ఏం చేస్తాం.

కనుక నా డిమాండు ఒకటే. కుర్చీలను తక్షణం గోడకు చేర్చాలి. పిల్లలందరిచేత "సహకారం" అనే మాటను పదేసిసార్లు రాయించాలి. పక్కవాడి సాయం తీసుకుంటే సున్నా వేయాలి.