ఎలుగుబంటికి ఎదురుసన్నాహం

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర కొసన, కెనడా సరిహద్దుని ఆనుకుని బౌండరీ వాటర్స్ అనే అడవి ఉంది. విస్తీర్ణం పది లక్షల ఎకరాల పైమాట. వెయ్యికి పైగా సరస్సులు, టెంటు వేసుకోవడానికి గుర్తించి పెట్టిన చోట్లు రెండు వేల దాకా. చాలా సరస్సులకి రోడ్డే లేదు. తెడ్డు వేసుకుంటూ పోవాలి, నీళ్లు అయిపోయిన చోట పడవని భుజాలకెత్తుకుని అవతలి సరస్సు దాకా నడవాలి. ఇంత ఘనమైన అడవిలో వేసవి పొడుగునా దర్శనమిచ్చే వింత ఒకటుంది. నేలకి అయిదడుగుల ఎత్తున, వేలెడు లావు కొమ్మకి, పేరంటాలి చేతిలో వాయనం సంచిలా ముద్దుగా వేలాడుతున్న తిండి మూట.

మూట కట్టినవారిని తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వారి దాతృత్వాన్ని నలుగురికీ చాటాలనే. నల్ల ఎలుగుబంటి వెనక కాళ్ల మీద లేస్తే ఇంచుమించు మనిషంత ఎత్తుంటుంది, ముందరి కాళ్లు చాపితే ఇంకాస్త. మూట నేల మీదే వదిలేస్తే పాపం వంగి తినాలి. అయిదడుగుల ఎత్తున కడితే నిలబడే తినొచ్చు. మన పెళ్లిళ్ల బఫేలో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడాలి, ఇక్కడ ఆ లైను కూడా లేదు.

ఉట్టి కట్టడం మనకి ఇంకొకరు నేర్పాల్సిన విద్యా? పెరుగు కుండ పిల్లికి అందకూడదంటే దూలానికి వేలాడదీయాలనీ, గోడకి దూరంగా, పీటా బల్లా ఏదీ ఆసరా లేని చోట కట్టాలనీ మన అమ్మమ్మలకి ఏ ఫారెస్ట్ రేంజరూ క్లాసు పీకలేదు. అడవిలోనూ అదే లెక్క. ఈ అడవి బాగోగులు చూసే సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్ వారి ఆదేశం ప్రకారం మూట నేలకి 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకి 6 అడుగుల దూరంలో ఉండాలి. లేదా ఎలుగుబంటి తెరవలేదని పరీక్ష పాసైన డబ్బాలో ఉండాలి. 12 అడుగులు ఎందుకంటే నిలబడి అందుకోకూడదని. 6 అడుగులు ఎందుకంటే మానుని కరుచుకుని చెయ్యి చాపినా తగలకూడదని. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు, నిజమే. ఎలుగుబంటి శాపాలు పెట్టదు. చెట్టెక్కుతుంది.

ఈ సంగతులేవీ రహస్యం కాదు. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి మకాం వెయ్యాలంటే కోటా పర్మిట్ కావాలి. జట్టుకి 9 మంది, 4 పడవలు, అంతకు మించడానికి వీల్లేదు. పర్మిట్ తీసుకునేవాళ్లకి నియమాలన్నీ చెప్తారు, వీడియోలు చూపిస్తారు. ఫోన్‌లో కొత్త యాప్ దింపుకున్నప్పుడు 'ఒప్పుకుంటున్నాను' అని ఎంత శ్రద్ధగా నొక్కుతామో, అంత శ్రద్ధగా అందరూ తల ఊపుతారు.

ఒక్క నియమం మాత్రం అక్కడి మన తెలుగువాళ్లు ప్రాణం పెట్టి పాటిస్తారు. ఆ అడవిలోకి తిండి, పానీయాలు గాజు సీసాల్లో, రేకు డబ్బాల్లో తీసుకెళ్లకూడదు. అంటే ఆవకాయ సీసాకి ప్రవేశం లేదు. దాంతో బయల్దేరే ముందు రోజు రాత్రి అదే రాష్ట్రంలోని మినియాపాలిస్ నగరంలో ఒక వంటింట్లో యజ్ఞం జరుగుతుంది. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారుతుంది, డబ్బా జిప్ కవరులోకి, ఆ కవరు ఇంకో కవరులోకి. పక్కన నెయ్యి, కారప్పొడి, సున్నుండలు, మొదటి రాత్రికి ఇంగువ దట్టించిన పులిహోర. కుక్క ముక్కుని కూడా చిన్నబుచ్చే ముక్కు ఎలుగుబంటిది. ఈ మూట దానికి వాసన కాదు, శుభలేఖ.

తిండి అంటే తిండి ఒక్కటే కూడా కాదు. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునే క్రీము, చూయింగ్ గమ్, పసిపిల్ల తుడుపు కాగితాలు, ఎంగిలి కవర్లున్న చెత్త సంచి, అన్నీ మూటలోకే పోవాలి. వాసనున్నదేదీ టెంటులో ఉండకూడదు. పిల్లాడు రాత్రి ఆకలేస్తుందంటాడని తలగడ కింద దాచిన చిప్స్ పాకెట్‌తో సహా. నైలాన్ టెంటులో ఒకసారి పులిహోర తింటే ఆ టెంటు ఇంగువ కట్టిన గుడ్డే. వచ్చే ఏడు ఖాళీగా తెచ్చినా వాసన చెప్తూనే ఉంటుంది. పైగా ఎలుగుబంటి కన్నా ముందు ఎర్ర ఉడుత వస్తుంది. దానికి జిప్ తీసే ఓపిక ఉండదు. నాలుగు వందల డాలర్ల టెంటుకి తనకి సరిపడా ద్వారం తనే చేసుకుంటుంది.

ఇక అసలు ఘట్టం. జూన్ నెలలో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఇంకా వెలుతురుందిగా అని వంట ఎనిమిదింటికి మొదలు. తిని, మంట చుట్టూ కూర్చుని అంత్యాక్షరి. పదిన్నరకి, 'మ' దగ్గర పాట తట్టక అందరూ ఆలోచిస్తున్న వేళ, ఎవరో ఒక అమ్మాయి అడుగుతుంది.

"ఏవండీ, సామాన్లు పైన కట్టాలన్నారు కదా?"

తొమ్మిది మందీ లేస్తారు. అందరి నుదుటి మీదా లైట్లు. లైటు ఎటు తిరిగితే దోమలు అటు. కొండలా ఉన్న మూటని చూసి ఒకాయన, "మామా, దీనికి ఫిజిక్స్ ఉంటుంది" అంటాడు. ఉంటుంది. ఆయనకి తప్ప అందరికీ అది రేపొద్దున తెలుస్తుంది. తాడు కొసకి రాయి కట్టి కొమ్మ మీదుగా విసరాలి. గుండ్రటి రాయి ముడిలో నిలవదు. తాడు అక్కడే పడుతుంది, రాయి మాత్రం చీకట్లోకి పోయి, ఒడ్డున బోర్లించిన అద్దె కెవ్లార్ పడవ మీద 'ఠంగ్' మంటుంది. డిపాజిట్ ఎవరి కార్డు మీద ఉందో వాళ్లు మాత్రమే ఆ చప్పుడుకి ఉలిక్కిపడతారు. రెండోసారి కర్ర కట్టి విసురుతారు. అది ఎనిమిదడుగుల ఎత్తున్న కొమ్మకే తగిలి, గిర్రున మూడు చుట్లు చుట్టుకుంటుంది. మూడు ముళ్లూ పడ్డాయి, ఇక విడాకుల్లేవు. లాగితే రాదు. ఇద్దరు లాగితే రాదు. "అన్నా, నా భుజాలెక్కు" అని ఒకడు వంగుతాడు. వంగినవాడికి ఈ మధ్యే నడుం నొప్పికి ఫిజియోథెరపీ అయింది. "రేయ్, వీడియో తీస్తున్నావా లైటు పడుతున్నావా?" అని పైనున్నవాడి కేక. కింద రెండు గొంతులు ఒకేసారి "పైకి లాగు", "కిందికి వదులు" అంటాయి. చిట్టచివరికి చిక్కుకున్న తాడు చిక్కుకున్నట్టే ఉండగా, మిగిలిన కొసకి మూట కట్టి, వీలైనంత పైకి లాగి, అదే చెట్టు మొదట్లో ముడేస్తారు. వీలైనంత పైకి అంటే అయిదడుగులు.

"చాల్లే బావా. వస్తే అప్పుడు చూద్దాం."

ఎదురుసన్నాహానికి ఇంకేం తక్కువ? అంత్యాక్షరి మేళం అయింది, ఇంగువ ధూపం వేశారు, ఫలహారాలు చేతికందే ఎత్తున వేలాడదీశారు. మగపెళ్లివారు దిగడమే తరువాయి.

ఈ పని పగలే, టెంటు మేకులు కొట్టకముందే చెయ్యాలి. సామాను 50 అడుగుల తాడు, ఒక కారబీనర్ కొక్కెం, తాడు కొసకి కట్టడానికి ఇసక పోసిన చిన్న సంచి. రాయి కాదు, సంచి. కొమ్మ 22 అడుగుల ఎత్తునుండాలి, ఆకుపచ్చగా ఉండాలి, ఎండుది కాకూడదు. కొమ్మ మీదుగా తాడు వేసి, ఒక కొసకి కారబీనర్‌తో మూట తగిలించి, రెండో కొసని ఆ కారబీనర్‌లోంచి పోనిచ్చి, మూటని కొమ్మ దాకా లాగాలి. అప్పుడు చెయ్యందినంత ఎత్తున తాడుకి జానెడు పుల్లని క్లోవ్ హిచ్ ముడితో కట్టి మెల్లగా వదిలితే, మూట దిగుతుంది, పుల్ల ఎక్కుతుంది, పుల్ల వెళ్లి కారబీనర్‌కి అడ్డం పడుతుంది. మూట అక్కడే ఆగిపోతుంది. చెట్టు మొదట్లో ముడి ఉండదు, కాబట్టి కొరికి తెంపడానికి ఎలుగుబంటికి తాడు దొరకదు. ముడి తెంపితే మూట పడుతుందని అవి నేర్చుకుని ఎన్నో ఏళ్లయింది. మనమే ఇంకా నేర్చుకోలేదు. కొమ్మ 22 అడుగులు ఎందుకంటే, కొమ్మకీ పుల్ల కట్టిన చోటుకీ మధ్య సగం దూరం దిగి మూట ఆగుతుంది. 20 అడుగుల కొమ్మకి కడితే మూట అడుగుభాగం 12 అడుగుల కన్నా కిందికే వస్తుంది.

అలాంటి కొమ్మ దొరకాలి కదా అంటారు, న్యాయమే. నల్ల స్ప్రూస్ కొమ్మలు పొట్టివి, కిందికి వాలి ఉంటాయి. వాటికి కడితే మూట మానుకి ఆనుకునే ఉంటుంది. పెద్ద పైన్ చెట్లు అన్ని చోట్లా లేవు. 1999 జూలై 4న వచ్చిన గాలివాన ఒక్క పూటలో కోట్ల చెట్లని పడగొట్టింది కూడా. అప్పుడు రెండు చెట్ల మధ్య తాడు కట్టి నడుమ మూట వేలాడదీస్తారు. ఇక్కడే మన ఫిజిక్స్ మామ కావాలి. ఎనిమిది మీటర్ల ఎడంలో రెండు చెట్లు, మధ్యలో 20 కిలోల మూట. తాడు మీటరు కుంగనిస్తే ఒక్కో వైపు లాగుడు 40 కిలోలు. బాగా బిగించాలి, పావు మీటరే కుంగాలంటే అది 160 కిలోలు. అందుకే 'బాగా బిగించాం' అని చెప్పుకున్న తాడు తెల్లారేసరికి జోలెలా వేలాడుతుంది. తడిస్తే నైలాన్ ఇంకాస్త సాగుతుంది. తొమ్మిది మందికి మూడు రోజుల తిండంటే ఎంత లేదన్నా 20 కిలోలు. దాన్ని ఒకే మూట కట్టమని ఎవరు చెప్పారు?

ఈ కుస్తీ అంతా వద్దనుకునేవాళ్లకి గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉంది. 11 లీటర్ల పైచిలుకు పట్టేది ఒకటి కిలో పైన బరువుంటుంది, ఒక మనిషికి వారం తిండి సర్దుకోవచ్చు. ఈలీ ఊళ్లో అద్దెకీ దొరుకుతుంది. ఈ డబ్బాలకి పరీక్ష పెట్టేది మోంటానా రాష్ట్రంలో వెస్ట్ యెల్లోస్టోన్‌లో. ఇన్విజిలేటర్లు మనుషులు, పరీక్ష రాసేవి గ్రిజ్లీ ఎలుగుబంట్లు. లోపల తిండి పెట్టి ఇస్తారు. అవి 60 నిమిషాలు కొరికి, తొక్కి, దొర్లించినా తెరుచుకోకపోతే డబ్బా పాస్. అంగట్లో కనిపించే నీలం డ్రమ్ములు ఈ పరీక్ష పాసైనవి కావు, వాటినీ చెట్టుకి కట్టాల్సిందే. పాసైన ఐస్ పెట్టెలు కొన్ని ఉన్నాయి, కాకపోతే రెండు కన్నాలకీ రెండు తాళాలు వేస్తేనే ఆ పాసు చెల్లుతుంది. 180 రాడ్ల పోర్టేజ్, అంటే పడవా సామాన్లూ మోస్తూ తొమ్మిది వందల మీటర్ల నడక, నలుగురు కలిసి శవాన్ని మోసినట్టు ఆ పెట్టెని మోసుకొస్తారు. తాళాలు కారులో ఉంటాయి.

డబ్బా ఉన్నా గొప్పలు పోనక్కర్లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆడిరాండాక్ కొండల్లో యెల్లో-యెల్లో అని ఒక ఆడ ఎలుగుబంటి ఉండేది. చెవులకి తగిలించిన పసుపు బిళ్లల వల్ల వచ్చిన పేరు. మూత మీది నొక్కుడు బిళ్లని పంటితో నొక్కి తిప్పితే తెరుచుకుంటుందని అది కనిపెట్టింది. కంపెనీవాళ్లు రెండో బిళ్ల పెట్టి డిజైన్ మార్చారు. దాన్నీ తెరిచింది. నలుగురు ఇంజినీర్లు కూర్చుని గీసినదాన్ని ఆవిడ ఒంటరిగా, మీటింగులేవీ లేకుండా విప్పేసింది.

ఆ తెలివి దానికి మనం తినిపించిన తెలివే. ఒక్కసారి మనిషి తిండి రుచి మరిగాక ఎలుగుబంటి మళ్లీ బ్లూబెర్రీ పొదల్లో పొద్దస్తమానం వెతుక్కోదు. అనావృష్టికో మంచుకో పళ్లు కాయని ఏడు మరీను. టెంటు అంటే తిండి అని నేర్చుకుంటుంది. పిల్లలున్న తల్లయితే పిల్లలకీ నేర్పుతుంది. పట్టుకెళ్లి దూరంగా వదిలితే తిరిగొస్తుంది, లేదా అక్కడా టెంట్లే వెతుక్కుంటుంది. మనిషి మీదకి వచ్చిందో, చంపేస్తారు. మీరు మాత్రం సోమవారం పొద్దున ఆఫీసులో "బ్రో, మా క్యాంపుకి ఎలుగుబంటి వచ్చింది తెలుసా" అని వీడియో చూపిస్తారు. అది వచ్చింది కాదు, మీరు పిలిచారు. ఇరవై నిమిషాల పని, పగటి పూట, పొట్ట నిండకముందు, అది కూడా చెయ్యడానికి ఒళ్లొంగని వాళ్లకి అడవి ఎందుకు? పార్కింగ్ పక్కన గడ్డీ బల్లలూ ఉన్న పార్కులు సిటీలో లేవా? ఆ ఎలుగుబంటి ఏ పర్మిటూ తీసుకోలేదు, ఏ వీడియోకీ తల ఊపలేదు. చదువుకుని, చదివించుకుని, ఏడు సముద్రాలు దాటి వెళ్లిన వాళ్లు చేసిన బద్ధకానికి తూటా అది తినాలా? సిగ్గుండాలి!

సరే. పొద్దున్నే లేచి చూస్తే కొమ్మ కింద చిరిగిన సంచి, ఆవకాయ డబ్బా మూత, నాకి శుభ్రం చేసిన నెయ్యి డబ్బా. నేల మీద సున్నుండ పొడి కూడా లేదు. పేస్టు ట్యూబు మాత్రం కొరికి ఉమ్మేసింది, నచ్చలేదు కాబోలు. బృందం ఒక రోజు ముందే ఇంటిదారి పడుతుంది. చెత్త ఏరారు, దానికి మెచ్చుకోవాలి. పైన మూడు ముళ్లు పడ్డ తాడు మాత్రం రాలేదు, కోసి వదిలేశారు.

మధ్యాహ్నం మూడింటికి ఇంకో బృందం అదే ఒడ్డున దిగుతుంది. సామాన్లు దింపుకుంటూ ఒకాయన చెట్టు వైపు చూసి మురిసిపోతాడు.

"చూశావా మామా, ఎవరో మహానుభావులు తాడు కూడా కట్టి వెళ్లారు."