సెట్ చేసిన అంటే ఏం చేసినట్టు?

దేవరకొండ వైపు మా బోరు మోటార్ ఆగి నాలుగు రోజులైంది. మెకానిక్ వచ్చి, గంటసేపు విప్పి, "సెట్ చేసిన అన్నా" అని పైసలు తీసుకుని పోయాడు. సాయంత్రానికే మళ్లీ ఆగింది. ఫోన్ చేస్తే "పొద్దుగాల సెట్ చేస్త" అంటాడు. వైండింగ్ కాలిందా, కెపాసిటర్ పోయిందా? చెప్పడు.

1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు "సెట్" అనే ఈ ఒక్క క్రియకే 430 అర్థాలు ఇచ్చింది. పొద్దు కుంకడం, సిమెంట్ గట్టిపడటం, గడియారంలో టైం సరిచేయడం అన్నీ అందులోవే. కానీ అక్కడ దేనికది విడదీసి, ఉదాహరణతో చూపించారు. మన దగ్గర సంబంధం కుదిరినా సెట్టే, ఆఫీసులో కాగితం కదిలినా సెట్టే.

"బాగుచేసిన" అంటే ఆ మాటకు పూచీ ఉంటుంది. అందుకే ఆ మాట అనరు. ఇక్కడ పొట్టకొచ్చిన వరి, మడి నెర్రెలు బారుతోంది. ఏం పాడైందో, ఏం మార్చావో చెప్పు తమ్మీ.